కాలి ధమనుల ఎంఆర్ యాంజియో: ఏ కాంట్రాస్ట్ మందు, ఎందుకు

కాలి ధమనిలో బ్లాక్ ఉందని తెలిశాక వాస్క్యులర్ సర్జన్, అంటే రక్తనాళాల సర్జన్, బొమ్మలో మూడు సంగతులు వెతుకుతారు. బ్లాక్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది? దానికి పైన రక్తం బాగా వస్తోందా? దానికి కింద, పాదం దాకా తెరిచి ఉన్న నాళం ఒక్కటైనా మిగిలిందా? మూడోది తేలనిదే బెలూన్ వేయాలా, బైపాస్ చేయాలా, అసలు కాలు నిలుస్తుందా అన్నది ఎవరూ చెప్పలేరు. బైపాస్ కింది కొసను కుట్టాలంటే అక్కడ ఒక మంచి నాళం దొరకాలి. మోకాలి కింద ఆ నాళాల వ్యాసం రెండు మూడు మిల్లీమీటర్లే, పాదంలో ఇంకా సన్నం. ఎంఆర్ఐ యంత్రంతో రక్తనాళాల బొమ్మ తీయడమే ఎంఆర్ యాంజియో. అందులో అంత సన్నటి నాళాన్ని చుట్టూ ఉన్న కండ, కొవ్వు, సిరల నుంచి విడదీసి చూపించే పని కాంట్రాస్ట్ మందుది. జనం వాడుకలో అదే డై.

ఈ మందుల్లో దాదాపు అన్నింటిలోనూ పనిచేసేది గాడోలినియం అనే లోహమే. అయినా ఒకదానికీ ఇంకోదానికీ తేడా చాలా ఉంది. ఒకటి ఎక్కువ వెలుగిస్తుంది, ఒకటి రక్తంలో ఎక్కువసేపు ఉంటుంది, ఒకటి తనలోని లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. మొదటి రెండు గుణాలు బొమ్మకు సంబంధించినవి. మూడోది మనిషికి సంబంధించినది. పాతికేళ్లు పోటీ మొదటి రెండింటి చుట్టూనే నడిచింది. చివరికి ఏ మందు నిలవాలో, ఏది పోవాలో తేల్చింది మాత్రం చాలావరకు మూడోదే.

కాలికి ఎంఆర్ యాంజియోనే ఎందుకు

అల్ట్రాసౌండ్‌తో చేసే డాప్లర్ పరీక్షకు డై అక్కర్లేదు, ఖర్చు తక్కువ, మొదట చేయాల్సింది కూడా అదే. కానీ నడుము లోపలి నుంచి పాదం దాకా మొత్తం చూడాలంటే చాలా సమయం పడుతుంది, ఫలితం చేసేవారి చేతిని బట్టి ఉంటుంది. గజ్జల్లోంచి గొట్టం పంపి ఎక్స్‌రే కింద చేసే యాంజియోగ్రామ్ ఇప్పటికీ ప్రమాణమే. అయితే దాన్ని ఇప్పుడు ఎక్కువగా చికిత్స చేసే వేళ, బెలూన్‌తో పాటే చేస్తున్నారు. సీటీ యాంజియో నిమిషాల్లో అయిపోతుంది. దానికి రెండు చిక్కులున్నాయి. ఒకటి అయోడిన్ డై, కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి దాన్ని ఇవ్వాలంటే డాక్టర్లు వెనకాడతారు. రెండోది కాల్షియం.

షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవారిలో, డయాలసిస్ మీద ఉన్నవారిలో కాలి ధమనుల గోడలు సున్నం పట్టినట్టు గట్టిపడతాయి. సీటీలో కాల్షియం తెల్లగా కనిపిస్తుంది, డై కూడా తెల్లగానే కనిపిస్తుంది. తొడలో అయితే ఎలాగో వేరు చేయవచ్చు. పిక్కలోని సన్నటి నాళంలో మాత్రం ఆ తెలుపు పారుతున్న రక్తమా, గట్టిపడిన గోడా అన్నది తేల్చడం చాలా కష్టం. చీలమండ దగ్గర బీపీ చూసి భుజం బీపీతో పోల్చే మామూలు పరీక్షను కూడా ఇదే కాల్షియం పాడు చేస్తుంది. గోడ గట్టిపడి కఫ్ నొక్కుకు లొంగదు, అంకె మామూలుగానో అంతకన్నా ఎక్కువగానో వస్తుంది, కాలు మాత్రం లోపల ఎండిపోతూ ఉంటుంది. ఎంఆర్ఐకి కాల్షియంతో ఈ ఇబ్బంది లేదు. కాల్షియం అందులో వెలుగు ఇవ్వదు, లోపలి రక్తమే కనబడుతుంది.

2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసింది. నాళం సగానికి పైగా ఇరుకైన చోట్లను పట్టడంలో కాంట్రాస్ట్ ఇచ్చి తీసిన ఎంఆర్ యాంజియో సున్నితత్వం, అంటే ఉన్న ఇరుకును ఉందని పట్టే శక్తి, మధ్యస్థంగా 95 శాతం. నిర్దిష్టత, అంటే లేనిచోట లేదని చెప్పే శక్తి, 97 శాతం. సీటీకి రెండూ 91 శాతమే. డాప్లర్‌కు 88, 96. కాంట్రాస్ట్ లేని పాత పద్ధతి ఎంఆర్ఐ వీటికి బాగా వెనకబడింది. అంటే ఎంఆర్ఐ యంత్రం ఒక్కటే ఆ ఫలితం ఇవ్వలేదు, డై తోడైతేనే ఇచ్చింది.

మన దేశానికి ఇది ఎంత పెద్ద విషయమో ఒక్క అంకె చెబుతుంది. 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవారు సుమారు 10.1 కోట్లు. షుగర్ ఎక్కువగా దెబ్బతీసేది మోకాలి కింది ధమనులను, అదే సమయంలో కిడ్నీలను కూడా. పొగతాగేవారిలో చిన్న వయసులోనే వచ్చే బర్జర్ జబ్బు కూడా పాదం, పిక్కల్లోని సన్నటి నాళాల నుంచే మొదలవుతుంది. ఎంఆర్ యాంజియో ఎవరికి ఎక్కువ అవసరమో, తరచుగా వారి కిడ్నీలే డైని బయటికి పంపే స్థితిలో ఉండవు. ఈ మందులను పోల్చేటప్పుడు ఈ ముడిని పక్కన పెట్టి మాట్లాడితే ఆ పోలికకు అర్థం లేదు.

వెలుగు లెక్క

సీటీలో అయోడిన్ తానే ఎక్స్‌రేని అడ్డుకుంటుంది కాబట్టి తానే కనబడుతుంది. గాడోలినియం ఎంఆర్ఐలో నేరుగా కనబడదు. జత కుదరని ఏడు ఎలక్ట్రాన్లు ఉండటం వల్ల దాని అయస్కాంత ప్రభావం చాలా ఎక్కువ, తన పక్కకు వచ్చిన నీటి అణువులు యంత్రం ఇచ్చిన కుదుపు నుంచి త్వరగా కోలుకునేలా చేస్తుంది. త్వరగా కోలుకున్న చోటు వెలుగుతుంది. 1.5 టెస్లా యంత్రంలో (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత) మామూలు రక్తం కోలుకునే కాలం సుమారు 1,200 మిల్లీసెకన్లు. కొవ్వుకు 300 లోపే. రక్తం కొవ్వును మించి వెలగాలంటే దాని కాలాన్ని అంతకన్నా కిందికి దింపాలి. డై చిక్కగా, ఒక్క పెట్టున వచ్చినప్పుడు అది 100 కన్నా బాగా కిందికి దిగుతుంది. అప్పుడే నాళం నల్లటి నేపథ్యంలో తెల్లగా మెరుస్తుంది.

ఒకే మోతాదు లోహంతో ఏ మందు ఎంత బలంగా ఈ పని చేస్తుందో చెప్పే కొలత రిలాక్సివిటీ. 1.5 టెస్లా దగ్గర, ప్లాస్మాలో, శరీర ఉష్ణోగ్రతలో గాడోటెరేట్‌కు ఇది సుమారు 3.6. గాడోపెంటెటేట్‌కు, గాడోటెరిడాల్‌కు 4.1. గాడోబ్యూట్రాల్‌కు 5.2. గాడోబెనేట్‌కు 6.3. గాడోఫోస్వెసెట్ అనే మందుకు ఏకంగా 27 దాకా. చివరి రెండింటికి ఆ బలం రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్‌ను అంటుకోవడం వల్ల వచ్చింది. పెద్ద ప్రోటీన్‌కు అతుక్కున్న అణువు నెమ్మదిగా తిరుగుతుంది, నీటి మీద దాని పట్టు పెరుగుతుంది. గాడోబెనేట్ ప్రోటీన్‌ను తాకీ తాకనట్టు పట్టుకుని వదిలేస్తుంది. గాడోఫోస్వెసెట్‌లో మెజారిటీ భాగం అల్బుమిన్‌తోనే తిరుగుతుంది.

సిరంజి దగ్గర ఈ అంకెలు ఎలా మారతాయో చూద్దాం. అరవై కిలోల మనిషికి కిలోకు 0.1 మిల్లీమోల్ (అణువుల లెక్కలో మందు కొలత) అంటే మొత్తం 6 మిల్లీమోల్. గాడోటెరేట్, గాడోబెనేట్, గాడోపెంటెటేట్ లాంటివి లీటరుకు 0.5 మోల్ చిక్కదనంతో వస్తాయి, కాబట్టి 12 ఎంఎల్ ఎక్కించాలి. గాడోబ్యూట్రాల్ దానికి రెట్టింపు చిక్కన, 6 ఎంఎల్ చాలు. గాడోఫోస్వెసెట్ మోతాదు కిలోకు 0.03 మిల్లీమోలే. 2022లో అమెరికాలో అనుమతి పొందిన గాడోపిక్లెనాల్‌కు కిలోకు 0.05, అంటే ఇదే మనిషికి 3 మిల్లీమోల్, 6 ఎంఎల్.

చిక్కటి మందు అంటే మంచి బొమ్మ అని సులువుగా అనిపిస్తుంది. కాలి విషయంలో అది సగమే నిజం. సెకనుకు ఒక ఎంఎల్ చొప్పున పంపితే 12 ఎంఎల్ పన్నెండు సెకన్లు నడుస్తుంది, 6 ఎంఎల్ ఆరు సెకన్లలో అయిపోతుంది. బొమ్మ తీసే సమయం కన్నా డై ప్రవాహం పొట్టిదైతే నాళం అంచులు మసకబారతాయి, పక్కన లేని గీతలు కనిపిస్తాయి. అందుకే గాడోబ్యూట్రాల్ వాడేటప్పుడు వేగం తగ్గించి పంపడమో, సెలైన్ కలిపి పలచన చేయడమో చేస్తారు. చిక్కదనం వల్ల వచ్చిన లాభంలో కొంత అక్కడే ఖర్చయిపోతుంది.

డైతో పరుగు

అసలు కష్టం ఇక్కడుంది. ఎంఆర్ఐ ఒకేసారి నడుము నుంచి పాదం దాకా చూడలేదు. కాబట్టి పొట్ట కింది భాగం, తొడలు, పిక్కలు అని మూడు అంచెలుగా టేబుల్ కదులుతూ, డై వెంట పరుగెడుతూ బొమ్మలు తీస్తుంది. మోచేతి సిరలో ఎక్కించిన డై గజ్జల దగ్గరికి చేరడానికి సగటున పాతిక సెకన్ల దాకా పడుతుంది. అక్కడి నుంచి మరో పది పన్నెండు సెకన్లలో చీలమండకు చేరుతుంది. గుండె బలహీనంగా ఉన్నవారిలో ఇది బాగా ఆలస్యమవుతుంది. ఒక కాలిలో బ్లాక్ ఉండి ఇంకోటి బాగుంటే రెండు కాళ్లలో రెండు వేగాలు. యంత్రం మూడో అంచెకు వచ్చేసరికి డై ధమనిని దాటి సిరల్లోకి తిరిగి వచ్చేసి ఉంటే, పిక్కలో ధమని, దాని పక్కనే నడిచే రెండు సిరలు అన్నీ కలిసి ఒక తెల్లటి కట్టలా కనిపిస్తాయి. అందులో ఏది తెరిచి ఉందో చెప్పడం అసాధ్యం.

పాదంలో పుండు ఉన్న షుగర్ రోగిలో ఈ ఇబ్బంది ఎక్కువ. వాపు, ఇన్ఫెక్షన్ ఉన్న చోట రక్తం ధమని నుంచి సిరకు అడ్డదారిన త్వరగా దాటిపోతుంది. సరిగ్గా ఏ కాలిని కాపాడాలో ఆ కాలి బొమ్మే చెడిపోతుంది.

దీనికి మంచి సెంటర్లు చేసే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. ముందు కొద్దిగా డై ఇచ్చి పిక్కలు, పాదాలను మాత్రమే వరసగా కొన్ని సెకన్లకో బొమ్మ చొప్పున తీస్తారు. ఆ తరవాత మిగతా డైతో పై భాగాలకు పరుగు పరీక్ష చేస్తారు. తొడలకు బీపీ కఫ్ లాంటిది కట్టి 50, 60 మిల్లీమీటర్ల ఒత్తిడి పెడితే సిరల్లో రాక ఆలస్యమవుతుంది. డై రాకముందు తీసిన బొమ్మను వచ్చాక తీసినదాని నుంచి తీసివేస్తే కొవ్వు, కండ మాయమవుతాయి. ఇవన్నీ టెక్నీషియన్ చేతిలో, రేడియాలజిస్టు ప్లానింగ్‌లో ఉన్న పనులు. రోగి మధ్యలో కాలు కదిపితే ఆ తీసివేత కూడా పనిచేయదు. నొప్పితో కాలు నిలపలేని మనిషికి ముందే నొప్పి మందు ఇచ్చి, కాళ్లను మెత్తగా కట్టి పడుకోబెట్టిన చోట వచ్చే బొమ్మ, ఖరీదైన డై ఇచ్చి తొందరపెట్టిన చోట రాదు.

మందుల మధ్య తేడా లేదని దీని అర్థం కాదు. 2010లో రేడియాలజీ పత్రికలో వచ్చిన ఒక బహుళ కేంద్ర అధ్యయనంలో ఒకే రోగికి, వేర్వేరు రోజుల్లో గాడోబెనేట్, గాడోపెంటెటేట్ రెండూ అదే 0.1 మోతాదులో ఇచ్చి కాలి ధమనులు తీశారు. ఏది ఏ మందు బొమ్మో చూసేవారికి తెలియదు. గాడోబెనేట్ స్పష్టంగా మెరుగైంది. రోగి మారలేదు, మోతాదు మారలేదు, మారింది మందే, కాబట్టి ఈ ఫలితాన్ని నమ్మవచ్చు. గాడోటెరేట్, గాడోబ్యూట్రాల్‌లను కాలి ధమనుల్లో పోల్చినప్పుడు సంగతి వేరుగా వచ్చింది. సిగ్నల్ కొలతలో గాడోబ్యూట్రాల్ ముందుంది. బ్లాక్‌ను పట్టడంలో మాత్రం రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఒక హద్దు దాటాక వెలుగు పెరిగినా డాక్టర్ నిర్ణయం మారదు.

రక్తంలోనే ఉండిపోయే మందు

టైమింగ్ తలనొప్పి మొత్తాన్నీ తీసేయగలదని ఒకప్పుడు ఎంతో ఆశ పెట్టుకున్న మందు గాడోఫోస్వెసెట్. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో తయారై, ప్రయోగ దశలో ఎంఎస్-325 అని పేరు తెచ్చుకుని, యూరప్‌లో 2005లో వాసోవిస్ట్ పేరుతో అనుమతి పొందింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008 డిసెంబరులో, నడుము, కాలి పైభాగపు ధమనుల బ్లాక్‌లను చూడటానికి అనుమతించింది. రక్తనాళాల ఎంఆర్‌ఐ కోసమనే అక్కడ ఆమోదం పొందిన మొదటి గాడోలినియం మందు అదే. తరవాత అబ్లవార్ అని పేరు మారింది.

మామూలు డై నాళాల నుంచి కణజాలంలోకి నిమిషాల్లో కారిపోతుంది. ఇది అల్బుమిన్‌కు అతుక్కుని గంట దాకా రక్తంలోనే వెలుగుతూ ఉంటుంది. మొదటి పరుగులో బొమ్మ తప్పిపోయినా, నింపాదిగా మరింత సూక్ష్మంగా మళ్లీ తీసుకోవచ్చు. అర మిల్లీమీటరు పైచిలుకు సూక్ష్మతతో పిక్క నాళాలను చూపించవచ్చు. అప్పుడు సిరలు కూడా వెలిగే మాట నిజమే. కానీ అంత సూక్ష్మంగా తీసినప్పుడు ధమనినీ సిరనూ అడ్డకోత బొమ్మలో ఒకదాని పక్కన ఒకటి విడిగా చూడవచ్చు. దానికి ఓపిక కావాలి, ఒక్కో అడ్డకోతనూ చూసుకుంటూ పోవాలి. రోజుకు పదుల కొద్దీ స్కాన్లు చదివే విభాగాల్లో అంత సమయం దొరకలేదు. బ్లాక్ ఎక్కడో ఒక్క చూపులో చెప్పే బొమ్మకే గిరాకీ. అమ్మకాలు సాగక 2017లో తయారీ ఆగిపోయింది. కాలి ధమనులకు రసాయనశాస్త్రం ఇచ్చిన అన్నింటికన్నా తగిన మందు అదేనని ఈనాటికీ అనిపిస్తుంది. దాన్ని నిలబెట్టుకోలేకపోవడం నష్టమే.

లోహం మీద పట్టు

విడిగా ఉన్న గాడోలినియం అయాన్ విషం. దాదాపు కాల్షియం అయాన్ పరిమాణంలోనే ఉండి కణాల్లో కాల్షియం చేసే పనులకు అడ్డుపడుతుంది. అందుకే దాన్ని ఒక సేంద్రియ అణువు మధ్య బంధించి ఇస్తారు. ఆ బంధనం రెండు రకాలు. ఒకటి దారంలా చుట్టుకునే గొలుసు రకం. రెండోది లోహాన్ని మధ్యలో పెట్టుకుని మూసుకునే వలయ రకం. గాడోడయమైడ్, గాడోపెంటెటేట్, గాడోబెనేట్, గాడోఫోస్వెసెట్ గొలుసు రకానివి. గాడోటెరేట్, గాడోబ్యూట్రాల్, గాడోటెరిడాల్, కొత్తగా వచ్చిన గాడోపిక్లెనాల్ వలయ రకానివి.

ఈ తేడా ఎంతటిదో 2008లో ప్రచురితమైన ఒక ప్రయోగం చూపించింది. మనిషి రక్తం నుంచి తీసిన సీరంలో, శరీర ఉష్ణోగ్రతలో 15 రోజులు ఉంచితే గాడోడయమైడ్ నుంచి దాదాపు 20 శాతం లోహం ఊడిపోయింది. గాడోపెంటెటేట్, గాడోబెనేట్ నుంచి సుమారు రెండు శాతం. వలయ రకాల నుంచి కొలవదగ్గంత ఏమీ రాలేదు. కిడ్నీలు బాగున్న మనిషిలో మందులో సగం భాగం గంటన్నరలో వెళ్లిపోతుంది కాబట్టి పదిహేను రోజుల ప్రయోగం అక్కర్లేదనిపించవచ్చు. కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్నవారిలో ఆ గంటన్నర 30 గంటలు దాటుతుంది. ఊడిపోవడానికి కావలసినంత సమయం దొరుకుతుంది.

1990ల చివర్లో, 2000ల మొదట్లో కిడ్నీ జబ్బు ఉన్నవారికి అయోడిన్ డై మంచిది కాదని, గాడోలినియం సురక్షితమని వైద్యలోకం గట్టిగా నమ్మింది. కాలి యాంజియోకు మూడు అంచెలు కావాలి కాబట్టి రెట్టింపు, మూడు రెట్ల మోతాదులు మామూలయ్యాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే డయాలసిస్ రోగుల్లో చర్మం చెక్కలా గట్టిపడి, కీళ్లు వంగక, మనిషి మంచం పట్టే ఒక కొత్త జబ్బు బయటపడింది. మొదటి కేసులు 1997 నాటివి, 2000లో దాన్ని మొదటిసారి వర్ణించారు. కారణం ఎవరికీ తెలియలేదు. 2006లో ఆస్ట్రియాకు చెందిన కిడ్నీ వైద్యుడు గ్రోబ్నర్ తన దగ్గర ఎంఆర్ యాంజియో చేయించుకున్న తొమ్మిది మంది డయాలసిస్ రోగుల్లో ఐదుగురికి ఈ జబ్బు వచ్చిందని రాశారు. అదే ఏడాది డెన్మార్క్ నుంచి మార్క్‌మన్ బృందం 13 మంది రోగులను వర్ణించింది, అందరికీ ముందు గాడోడయమైడే ఇచ్చారు. ఆ జబ్బుకు పేరు నెఫ్రోజెనిక్ సిస్టమిక్ ఫైబ్రోసిస్. 2007లో ఎఫ్‌డీఏ ఈ మందులన్నింటి మీదా తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది.

కిడ్నీని కాపాడాలనే మంచి ఉద్దేశంతో ఎంచుకున్న మందే కిడ్నీ రోగుల చర్మాన్ని రాయిగా మార్చింది. అందులో ఎక్కువ మోతాదులు పడింది కాలి, కిడ్నీ ధమనుల యాంజియోల్లోనే. కాబట్టి ఈ రంగంలో మందుల పోలిక గురించి రాసే ఎవరైనా మొదట ఈ రోగులను గుర్తుంచుకోవాలి. ఇంకో విచిత్రం ఏమిటంటే గాడోడయమైడ్ అలర్జీ విషయంలో మిగతావాటి కన్నా మెరుగు. గాడోలినియం మందులన్నింటికీ కలిపి అలర్జీ తరహా ఇబ్బందులు పదివేల ఇంజెక్షన్లకు పది లోపే, దానికైతే ఇంకా తక్కువ. వెంటనే కనిపించే ఇబ్బంది లేకపోవడమే దాని మీద నమ్మకం పెంచింది. దాని హాని వారాలు, నెలల తరవాత వచ్చింది.

2014లో జపాన్ నుంచి కాండా బృందం మరో సంగతి బయటపెట్టింది. గాడోలినియం పదే పదే ఎక్కించుకున్నవారి మెదడులో కొన్ని లోపలి భాగాలు డై ఇవ్వకుండా తీసిన బొమ్మలో కూడా వెలుగుతున్నాయి. గొలుసు రకాలతో ఇది ఎక్కువ. కిడ్నీలు బాగున్నవారిలో దీనివల్ల జబ్బు వచ్చినట్టు నిరూపణ లేదు. అయినా యూరప్ 2017లో గాడోడయమైడ్‌ను పూర్తిగా, గాడోపెంటెటేట్‌ను సిరలోకి ఎక్కించే రూపంలో నిలిపేసింది. గాడోబెనేట్‌ను కాలేయ పరీక్షలకు మాత్రమే పరిమితం చేసింది. అమెరికాలో అదే గాడోబెనేట్‌కు కిడ్నీ ధమనులు, నడుము నుంచి తొడ దాకా ఉన్న ధమనుల యాంజియో కోసం 2012లో అనుమతి ఇచ్చారు, అక్కడి రేడియాలజీ కాలేజీ దాన్ని వలయ రకాలతో పాటు సురక్షిత వర్గంలోనే ఉంచింది. ఒకే సమాచారాన్ని చూసి అట్లాంటిక్‌కు ఇటూ అటూ రెండు తీర్పులు వచ్చాయి. గాడోబెనేట్ నుంచి నెఫ్రోజెనిక్ ఫైబ్రోసిస్ వచ్చిన రుజువు చాలా తక్కువన్నది అమెరికా వాదన. అంతే మంచి బొమ్మ ఇచ్చే వలయ రకం ఉండగా కొద్దిపాటి అనుమానం మాత్రం ఎందుకన్నది యూరప్ వాదన. పదే పదే స్కాన్ అవసరమయ్యే కాలి జబ్బు రోగికి రెండో వాదనే సబబుగా తోస్తుంది.

ఇప్పుడు ఎవరికి ఏది

కిడ్నీలు బాగున్న మనిషికి కాలి యాంజియో కోసం గాడోబ్యూట్రాల్ అయినా గాడోటెరేట్ అయినా మామూలు మోతాదులో సరిపోతుంది. 3 టెస్లా యంత్రంలో నేపథ్యం ఇంకా నల్లబడుతుంది కాబట్టి అక్కడ మోతాదు తగ్గించే వీలు కూడా ఉంది. కిడ్నీ వడపోత నిమిషానికి 30 ఎంఎల్ కన్నా తగ్గినవారి గురించి భయం ఇంకా బలంగా ఉంది. ఈ భయం వల్లే చాలాచోట్ల వారికి కాంట్రాస్ట్ ఎంఆర్ఐని ఒక్క మాటలో వద్దంటున్నారు. 2019 చివర్లో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఒక సమీక్ష ఈ స్థాయి కిడ్నీ జబ్బు ఉండి, సురక్షిత వర్గం మందు తీసుకున్న 4,931 మందిని చూస్తే ఒక్కరికీ ఫైబ్రోసిస్ రాలేదు. ఆ తరవాత అమెరికా రేడియాలజీ, కిడ్నీ సంఘాలు కలిసి, అవసరం ఉంటే ఈ వర్గం మందును ఆపవద్దని చెప్పాయి. మోతాదు పెంచకూడదు. డయాలసిస్‌లో ఉన్నవారికి స్కాన్‌ను డయాలసిస్‌కు ముందు పెట్టుకోవాలి. కాలు పోయే ప్రమాదం ఉన్న మనిషికి స్కాన్ ఇవ్వకపోవడం కూడా హానేనన్నది ఈ సలహా వెనుక ఉన్న ఆలోచన. మన దగ్గర కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 2 దాటిందని స్కాన్ వెనక్కి పంపే చోట్ల ఈ మార్పు ఇంకా చేరవలసి ఉంది.

గాడోలినియం అసలు వద్దనుకుంటే ఇంకో రెండు దారులున్నాయి. రక్తహీనతకు ఇచ్చే ఐరన్ ఇంజెక్షన్ ఫెరుమాక్సిటాల్ నాళాల్లోనే గంటల తరబడి ఉండి ధమనులను వెలిగిస్తుంది. అది రక్తంలో సగానికి తగ్గడానికే సుమారు 15 గంటలు పడుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారి రక్తహీనతకే 2009లో దాన్ని అమెరికాలో అనుమతించారు, నాళాల బొమ్మకు వాడటం దాని అసలు అనుమతికి బయటి సంగతి. తీవ్రమైన అలర్జీ ప్రమాదం గురించి 2015లో దానికీ పెద్ద హెచ్చరిక చేరింది. కాబట్టి నెమ్మదిగా, పలచన చేసి, బీపీ చూసుకుంటూ ఇవ్వాలి.

రెండోది డై లేకుండానే తీయడం. పాత పద్ధతి పారుతున్న రక్తాన్నే వెలిగించేది. కాలంతా చూడటానికి చాలా సమయం తీసుకునేది, రక్తం నెమ్మదిగా పారే చోట బ్లాక్ లేకపోయినా ఉన్నట్టు చూపేది. 2010లో అమెరికాలో ఎడెల్‌మన్ బృందం ప్రకటించిన క్విస్ పద్ధతి ఈ రెండు లోపాలనూ బాగా తగ్గించింది. గుండె కొట్టుకోవడాన్ని బట్టి, రక్తం నాళంలోకి పరుగెత్తి నిలకడ పట్టిన క్షణాన్ని ఎంచుకుని ఒక్కో అడ్డకోతను ఒక్క దెబ్బలో తీస్తుంది. మొత్తం పది నిమిషాల చిల్లర. డయాలసిస్ రోగిలో ముందు ఇది తీసి, సందేహం మిగిలిన చోటుకే కొద్దిగా డై ఇవ్వడం తెలివైన పని. స్టెంట్ ఉన్న చోట మాత్రం క్విస్ అయినా, డై ఇచ్చిన ఎంఆర్ఐ అయినా లోహం నీడలో లోపల ఏముందో చూపలేకపోవచ్చు. అక్కడ డాప్లర్, సీటీ వైపు చూడాల్సిందే.

ఇక గాడోపిక్లెనాల్. వలయ రకం, రిలాక్సివిటీ 12 పైచిలుకు, సగం మోతాదు. గట్టి పట్టు, బలమైన వెలుగు ఇందులో ఒకే అణువులో కలిశాయి. ఇప్పటికి దాని అనుమతి మెదడు, వెన్ను, ఇతర అవయవాల్లోని గడ్డల కోసం. కాలి ధమనుల్లో పోల్చి చూసిన అనుభవం ఇంకా పెరగాలి. పిక్క, పాదం లాంటి చోట్ల అదే తక్కువ లోహంతో పని జరిగితే, మూడేళ్లలో నాలుగైదు స్కాన్లు పడే రోగికి లాభం నేరుగా అందుతుంది.

అలా పదే పదే స్కాన్ చేయించుకునే రోగుల విషయంలో అన్ని చోట్లా జరగని చిన్న పని ఒకటి ఉంది. రిపోర్టులో 'కాంట్రాస్ట్ ఇవ్వబడింది' అని రాసి వదిలేయడం మామూలు. ఏ మందు, ఎన్ని ఎంఎల్ అన్నది ఉండదు. 2006లో గ్రోబ్నర్ కూడా తన రోగులకు గాడోపెంటెటేట్ ఇచ్చారని మొదట ప్రచురించి, తరవాత అది గాడోడయమైడ్ అని సవరించాల్సి వచ్చింది. అందుకే రిపోర్టులో మందు పేరు, మోతాదు, తేదీ, ఆ రోజు క్రియాటినిన్ ఒక వరుసలో ఉండాలి. లేకపోతే రోగి బంధువులు స్కాన్ గదిలో అడిగి ఫైల్ మీద రాయించుకోవచ్చు. ఖాళీ సీసా మీది లేబుల్‌లో మందు పేరు, చిక్కదనం, బ్యాచ్ నంబరు ఉంటాయి. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోవడానికి అర నిమిషం చాలు.